నేను కత్తిరించిన కొత్తపట్నం ఫొటో

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

టూర్ ఫొటోలు, కాలేజీ ఫొటోలు పెట్టండి, గుడిసెలు, చేపల బుట్టలు పెట్టొద్దు, మనల్ని మనమే తక్కువ చేసుకున్నట్టు ఉంటది అని మన గ్రూపులో ఒక అన్న రాశాడు. చానా మంది లైక్ కొట్టారు. నేనూ కొట్టా. రెండ్రోజులకి తీసేశా.

సంక్రాంతి సెలవులకి ముందు హాస్టల్ వాళ్లం ఒంగోలు నుంచి ఆటోలో కొత్తపట్నం బీచికి పోయాం. చరిత్ర చదివినోళ్లకి కొత్తపట్నం అంటే 1937లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన రాజకీయ పాఠశాల. రీల్స్ చూసేవాళ్లకి అలలు. నాకు మాత్రం అది మా పెద్దమ్మ ఊరు. ఆ సంగతి ఫ్రెండ్స్‌కి చెప్పలా.

బకింగ్‌హామ్ కాలవ దగ్గర ఆటో ఆపి ఫొటో దిగాం. ముందు మేం అయిదుగురం, కళ్లజోళ్లు పెట్టుకుని. వెనకాల నడుం లోతు నీళ్లల్లో ఒకామె, చేతుల్తో తడిమి రొయ్యలు పడతా ఉంది. మా పెద్దమ్మే. నన్ను చూసి చెయ్యెత్తింది. నేను ఫోను చూసుకున్నా. రాత్రి హాస్టల్లో ఆమె వరకు కత్తిరించి స్టేటస్ పెట్టా.

సెలవులకి పోతే, పెద్దమ్మ మనవడు ఆ ఫొటో తీసి ఆమెకి చూపించాడు. "నేను యాడరా? ఆ పొద్దు ఆడనే ఉంటి గదా" అంది. ఫొటోలో పట్టలా పెద్దమ్మా అన్నా. "అవున్లే, కాలవలో ఉంటి గదా, ఎట్టా పడతా" అని తనే సర్దుకుంది. తిట్టినా బాగుండేది.

అన్న చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. మన ఫొటోలు ముందు తీసింది మనం కాదు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచినాయన. మన యానాదుల గురించి ఏడో సంపుటంలో ఉంది. అట్టాంటి పుస్తకాల్లో ఫొటో కింద కులం పేరు ఉంటది, మనిషి పేరు ఉండదు. కాలవకి మటుకు పేరు మిగిలింది. మద్రాసు దగ్గర అందులో కొంత మేర 1876-78 కరువులో కరువు పనిగా తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినోళ్లు ఎవరో? వాళ్లు పేరు తీసేశారు, నేను మనిషినే తీసేశా. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

ఇంకోటి. ప్రయాణం ఫొటోలంటే మనకి బీచీ, అరకూ గుర్తొస్తాయి. మా అమ్మా నాయనా ఏటా సంక్రాంతి దాటాక మిరప కోతలకి గుంటూరు వైపు పోయేవాళ్లు. లారీలో వంట సామాను, పట్టలు, మేం. చేలోనే పట్ట కింద కాపురం. నేను చూసిన మొదటి దూర ప్రయాణం అదే. ఒక్క ఫొటో లేదు. నాకు గుర్తున్నదల్లా, కోత రోజుల్లో అమ్మ నా మొహం కడిగేది కాదు. ఆమె చేతుల మంట నా కళ్లకి తగుల్తదని అక్క చేత కడిగించేది. దీన్ని ఏ ఫొటో కింద రాయాలి?

పోయిన ఆదివారం కొత్తపట్నం పోయి పెద్దమ్మకి నిజం చెప్పా. కాసేపు మాట్లాడలా. తర్వాత "ఇప్పుడు తీ" అంది. ఆధార్ కార్డు మీద తప్ప ఆమెకి ఇంకో ఫొటో లేదు. తల దువ్వుకుని వచ్చింది. బుట్ట కూడా పట్టుకో పెద్దమ్మా అన్నా, గొప్పగా. "బుట్టెందుకురా, బొమ్మలో కూడా నీసు వాసనేనా" అని గుడిసె వెనక పెట్టొచ్చింది. అన్నా, ఇక్కడ నువ్వు గెలిచావు. కాకపోతే బుట్ట తీసింది ఆమె. నువ్వూ కాదు, నేనూ కాదు.

పాత ఫొటో కూడా మొత్తం చూపించా. దగ్గరికి తీసుకుని చూసింది. "ఇందులో చెయ్యి ఊపతన్నాను చూడు" అని నవ్వి, రెండూ కడిగించి తెమ్మంది. గ్రూపులో పెట్టనా అని అడిగితే, "పెట్టు, నా పేరు మాత్రం రాయబాక, పెద్దమ్మ అని రాయి" అంది.

కింద ఉన్నది ఆ కాలవ ఫొటో, కత్తిరించకుండా. వెనకాల చెయ్యెత్తింది పెద్దమ్మ.