గ్రహణం కాదు, అమ్మ తప్పూ కాదు

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. చేతులు, కాళ్లు పొట్టి, నుదురు పెద్దది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి 'అకాండ్రోప్లేసియా' అన్నారు. మేమిద్దరం మామూలు ఎత్తే. గ్రహణం నాడు నేను కూరలు తరగడం వల్లే ఇలా అయిందని అత్తగారు అంటున్నారు. కాల్షియం టానిక్కులు వాడితే పెరుగుతుందా? రెండో కాన్పులోనూ ఇలాగే అవుతుందా?

– ఒక సోదరి, లక్డీకాపూల్

జవాబు: గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిల్లల్లో పొడుగాటి ఎముకల చివర మృదులాస్థి అనే మెత్తని పలక ఉంటుంది. అందులోని కణాలు రెట్టింపై, వరసలు కట్టి, ఉబ్బుతాయి. తర్వాత ఆ చోట ఎముక ఏర్పడుతుంది. ఏ దశలో ఏ జన్యువు పనిచేయాలో ఒక క్రమం ఉంది. ఎఫ్.జి.ఎఫ్.ఆర్.3 అనే జన్యువు ఈ పెరుగుదలకు బ్రేకు వంటిది. అందులో మార్పు వస్తే బ్రేకు మితిమీరి పడుతుంది, ఎముక సాగదు. ఈ సంగతి 1994లో తెలిసింది.

ఇటువంటి పిల్లల్లో నూటికి 80 మంది మామూలు ఎత్తు తల్లిదండ్రులకే పుడతారు. ఆ మార్పు కొత్తగా, దాదాపు ఎప్పుడూ తండ్రి బీజకణంలోనే వస్తుంది. అలాగని ఆయన్నూ నిందించకూడదు; అది ఎవరి చేతిలోనూ లేదు. రెండో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఒకటికన్నా తక్కువ.

ఇది కాల్షియం లోపం కాదు కనుక టానిక్కులతో ఎత్తు పెరగదు. తెలివితేటలు సాధారణంగా అందరు పిల్లల్లాగే ఉంటాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడినా, కాళ్లలో బలం తగ్గినా, తల త్వరత్వరగా పెరుగుతున్నా వెంటనే చూపించండి. వోసోరిటైడ్ అనే ఇంజెక్షనుకు 2021లో అమెరికా, ఐరోపాలలో అనుమతి వచ్చింది. ఎముకలు ఎదిగే వయసులో రోజూ ఇవ్వాలి. ఖరీదు చాలా ఎక్కువ.

మీకు దగ్గరలోనే, పంజగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. పాపను అక్కడ చూపించండి. వీలైతే అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్లండి.