అలౌ అంటే వేలిముద్రే!

ఒకప్పుడు దొర గడీలో లెక్కల బుక్కుండేది. అందులో మన తాతల పేరు, అప్పు, వేలిముద్ర. ఏం రాసిండో చదువుదామంటే మనకు అక్షరం లేకపాయె. ఆ ముద్రతోనే భాగేలాలై తరాలు వెట్టి చేసినం. ఇయ్యాల ఆ బుక్కు మన జేబులోకే వచ్చింది. దాని పేరు స్మార్ట్‌ఫోన్.

ఎల్లారెడ్డి పల్లెల్లో నాట్ల కాలం. చేతిలో పైసలుండవు. భూమి కాగితం లేనోనికి బ్యాంకు అప్పు పుట్టదు. ఫోన్లో "అర్జెంటు లోను" అని ఒక్కసారి వెతికితే చాలు, మన అవసరం పసిగట్టి వెంటబడి అప్పు ప్రకటనలే వస్తయి. యాప్ తెరిస్తే నంబర్లు చూడాల్నా, ఫొటోలు చూడాల్నా, మీరెక్కడున్నరో తెలుసుకోవాల్నా అని ఇంగ్లీషుల అడుగుతది. అర్థం కాకున్నా "అలౌ" నొక్కుతం. అయిపాయె! చుట్టపక్కాల నంబర్లన్నీ వాని చేతిల పడ్డయి.

2020 డిసెంబరులో తెలంగాణలో బయటపడ్డది ఇదే. కిస్తీ తప్పినోళ్ల చుట్టాలకు, దోస్తులకు "వీడు దొంగ" అని మెసేజులు పెట్టిండ్రు. ఇజ్జత్ పోయిందని కొందరు ప్రాణాలు తీసుకున్నరు. పోలీసులు హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేసిండ్రు.

"మనకేం ఉన్నది దాచుకోనీకి, అది ఉన్నోళ్ల ముచ్చట" అనేటోళ్లు మనలోనే ఉన్నరు. తప్పు. ఏం తిన్నం, ఎవరిని ప్రేమించినం, ఏ సభకు పోయినం అని ఊరు నిఘా పెట్టింది మన మీదనే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పిండ్రు. అప్పు యాపులు నంబర్లు, ఫొటోలు ముట్టొద్దని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అనుమతి అడిగేది తెలుగులో కూడా చదువుకునే వీలుండాలని 2023 డేటా రక్షణ చట్టంలో రాసి ఉంది. కాగితం మీది హక్కు వాడదాకా నడిచి రాదు, మనమే గుంజుకరావాలె.

మేం చెప్పేది ఒక్కటే. వచ్చే సంఘం మీటింగుల అందరం ఫోన్లు బయటికి తీద్దాం. సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరిచి చదువుకున్న పిల్లలతో చదివిద్దాం. టార్చిలైటు యాపుకు మన మేనమామ నంబరెందుకు? తీసేద్దాం. బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలు బంద్ పెడదాం. బెదిరింపు వస్తే దాచుకోవద్దు, సంఘానికి చెప్పాలె, 1930కి ఫోన్ చెయ్యాలె. సిగ్గుపడాల్సింది బెదిరించినోడు, అప్పు చేసినోడు కాదు.

బ్యాంకులను మాత్రం వదిలిపెట్టొద్దు. కూలోనికి, కౌలుదారుకు అప్పియ్యని బ్యాంకే మనల్ని యాపు నోట్ల పడేసింది.

తాతలకు అక్షరం లేక వేలిముద్ర వేసిండ్రు. మనకు అక్షరం వచ్చింది. చదవకుండ వేలు పెట్టొద్దు!