మాటల పేటిక: లాకు



కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి 'లాకు' అన్నంతనే తలపునకు వచ్చునది తలుపు తాళము కాదు, కాలువ. చల్లపల్లి ప్రాంతపు వృద్ధులకు 'లాకుల దగ్గర' అనుట ఊరిలోని రచ్చచెట్టును చెప్పుట వంటిదే. అది ఆంగ్లపదమని వారిలో పెక్కు రెరుగరు. ఈ మాసము మన పేటికనుండి ఆ చిన్నమాటనే వెలికి తీయుచున్నాము.

మా బంధువులలో నొక మేనత్తగారు గలరు. పట్టణముననున్న కుమారుడు "నగలన్నియు లాకరులో భద్రముగా నున్నవి" అని వ్రాయగా ఆమె గుండె బాదుకొన్నదట. "నగలు లాకుల్లో పెట్టటమేమిటిరా నాయనా! నీళ్లు వదిలితే సముద్రంలో కలవవూ?" అనెనట. ఇంటిల్లపాదియు నవ్విరి. ఆ నవ్వు కథ తుదిని చెప్పెదము.

బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. దాని వెనుకనున్న సంకల్పము సర్ ఆర్థర్ కాటను దొరగారిది. కాలువలు పైరునకే గాక పడవలకును దారి కావలెనని ఆయన పట్టుదల. ఎగువ నీరు ఎత్తున, దిగువ నీరు పల్లమున నుండగా పడవ దిగుటెట్లు? అందులకే లాకు. రెండు జతల తలుపుల నడుమ నొక తొట్టి యుండును. పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూయుదురు. తొట్టిలోని నీటిని మెల్లగా వదలి దిగువ నీటితో సమము చేయుదురు. అప్పుడు ముందరి తలుపులు తెరువబడును. కావున ఈ లాకు మూయుటకై పుట్టినది కాదు, దాటించుటకై పుట్టినది. పడవల రాకపోకలు ఏనాడో సన్నగిల్లినవి. పేరు మాత్రము నిలిచినది.

ఆంగ్లమున ఈ మాటకు సంతానము మెండు. తుపాకిలో మందును ముట్టించు యంత్రభాగము లాకే. కావుననే తుపాకి భాగములను మూడింటిని వరుసగా పేర్కొని 'సమస్తమును' అను అర్థమున వాడుదురు. ధనుర్వాతమున దవడలు బిగిసికొనుటకును ఈ మాటయే చేరినది. ఠాణాలోని గది లాకప్పు. యజమాని కార్మికులను లోనికి రానీయక కర్మాగారము మూసిన లాకౌటు. 2020 మార్చి 25 నుండి దేశమంతయు గడపలోపల నిలిచిన నాళ్లు లాకుడౌను. మెడలోని లాకెట్టు మాత్రము ఫ్రెంచి దారిన వచ్చినది. అచ్చట దాని అర్థము చిన్న గడియ.

జుట్టుపాయకును ఆంగ్లమున ఇదే పేరు గలదు. కాని అది వేరు మాట, ధ్వని మాత్రమే కలిసినది. వివాహమునకు వారు వాడు 'వెడ్లాకు' అను పదమును జూచి, పెండ్లియనగా తాళము వేయుటయే కాబోలునని హాస్యమాడువారు గలరు. అదియు పొరపాటే. అందలి మొదటి భాగమునకు ప్రమాణమనియు, రెండవదానికి ఆచరణమనియు ప్రాచీనార్థములు. తాళముతో దానికి చుట్టరికము లేదు.

ఆంగ్లమును జూచి నవ్వవలసిన పని లేదు. మన 'తాళము' మాత్రమేమి? తలుపునకు తాళము, భజనలో చేతితాళములు, తాళపత్రమున తాటిచెట్టు. చల్లపల్లికి చేరువనున్న కూచిపూడిలో తాళమన్న నర్తకి పాదమునకు ప్రాణము. ఇక 'తాళుము' అన్నచో ఓర్చుకొమ్మనుట. ఈ తుదియర్థము స్త్రీలకు మిక్కిలి పరిచితము.

ఇక మేనత్తగారి కథ. ఆ కుమారుడు హఠాత్తుగా కాలధర్మము నొందెను. లాకరు ఆతని పేరనే యున్నది. నామినీ పేరు వ్రాయలేదు. లోపల నున్నది కోడలి పుట్టింటి బంగారము. చెవి ఆమె నడుమునకే వ్రేలాడుచుండెను, కాని తలుపు తెరువ నామెకు హక్కు లేకపోయెను. వారసత్వపు కాగితములకై నెలలు గడచినవి. మేనత్తగారు నిట్టూర్చి "కాలువ లాకైతే పడవ వస్తే తీస్తారు. మన పడవకు ఈ లాకు తీసేవాళ్లేరీ?" అన్నప్పుడు ఎవ్వరును నవ్వలేదు.

స్త్రీ తనదిగా పొందిన సొత్తుకు ఆమెయే సంపూర్ణ యజమానురాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను చెప్పుచున్నది. హక్కు చట్టమున నున్నను, పేరు కాగితముపై నుండవలెను గదా! లాకరు ఇరువురి పేర నుండుట, బ్రతికియున్నవారు తెరువవచ్చునని వ్రాయించుట, నామినీని చేర్చుట అను మూడు పనులకును పట్టునది కొలది సమయమే. రిజర్వు బ్యాంకు నూతన నియమములు 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చినవి. వాని ప్రకారము దొంగతనము, అగ్నిప్రమాదము, ఉద్యోగుల మోసము వలన నష్టమైనచో బ్యాంకు బాధ్యత ఏటి అద్దెకు నూరురెట్ల వరకే. వరదవంటి దైవికములకు ఆ బాధ్యత లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను విన్న మనము ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను. నగల జాబితా, వాని ఛాయాచిత్రములు ఇంట వేరుగా నుంచుకొనుట మేలు.

ఈ రాత్రి వంటిల్లు సర్దిన పిమ్మట ఇంటివారితో నొక మాట యడుగుడు: "మన లాకరు ఎవరి పేర నున్నది?" మంచి లాకు సమయమునకు తెరువబడునదని మన కాలువలే నేర్పినవి.