అడయారు మొగను కాపాడుకొనవలెను

ఆంధ్రరాష్ట్ర నిర్మాణమునకు పూర్వము ‘మద్రాసు మనదే’ యను నినాదము మన పెద్దల నోట మారుమ్రోగినది. 1953లో రాష్ట్రము వేరుపడినది; నగరము తమిళుల రాజధానిగా నిలిచినది. ఐనను వేలకొలది తెలుగు కుటుంబములు ఇచ్చటనే స్థిరపడినవి. హక్కుగా మనకు రాని నగరము బాధ్యతగా మనదే యని మా అభిప్రాయము. ఆ బాధ్యతలో అడయారు మొగయు చేరవలెను.

నగరమునకు పడమటనున్న చెరువుల మిగులునీటిని గైకొని, సుమారు 42 కిలోమీటర్లు ప్రవహించి, దివ్యజ్ఞాన సమాజపు తోటల ప్రక్కగా అడయారు సముద్రమును చేరుచున్నది. అచ్చటి బురదమేటలు చూచువారికి పనికిరాని భూమివలె తోచును. కాని దినమునకు రెండుమారులు పోటునీరు వచ్చి పోవుచున్నంత కాలము అందు రొయ్యపిల్లలును చేపపిల్లలును పెరుగును. ఎండ్రకాయలు బొరియలు త్రవ్వును. శీతకాలమున ఉత్తరదేశముల నుండి ఉల్లంకిపిట్టలు వచ్చి వ్రాలును. వానకాలమున ఆ మేటలే వరదకు చోటిచ్చును.

ఈ మొగకు రెండు రోగములు పట్టినవి. తీరము వెంబడి కొట్టుకొనివచ్చు ఇసుక, ఏటిలో నీరు తగ్గిన నెలలలో మొగను పూడ్చివేయును. పూడిన మొగలో పోటు ఆడదు; నగరపు మురుగు మాత్రము నిలిచి కుళ్ళును.

2011లో ప్రభుత్వము మొగకు చేరిన పాయలో 58 ఎకరములను బాగుచేసి తొల్కాప్పియ పూంగాను ప్రారంభించినది. చెత్తయు శిథిలములును పడియున్న చోట మడమొక్కలు లేచినవి. పక్షులు మరల వచ్చినవి. ఇది మెచ్చదగిన పని. కాని కంచెలోని తోట కంచె వెలుపలి నీటివలననే బ్రదుకును. మొగ పూడినచో మడచెట్టునకు పోటునీరు ఎవరు పోయగలరు? తోట ప్రారంభమునకు శిలాఫలకము వేయుదురు. ఏటేట ఇసుక తీయించువారికి శిలాఫలకము లేదు. అందుచేతనే కాబోలు ఈ పనికి ఉత్సాహము తక్కువ.

2015 డిసెంబరు వరదలలో ఈ అశ్రద్ధ ఫలము చూచితిమి. చెంబరంబాక్కము చెరువునుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు విడువగా సైదాపేట, కోట్టూరుపురము మునిగినవి. విమానాశ్రయమును మూయవలసివచ్చినది, దాని రెండవ పరుగుబాట ఏటిపై వంతెనగా కట్టినదే. పిమ్మట గట్టుమీది బీదలను అనేకులను పెరుంబాక్కమునకు తరలించిరి. అదియు పళ్ళికరణై చిత్తడినేలను ఆనుకొనియున్న ప్రదేశమే. ఆ చిత్తడినేలకు 2022లో రామ్‌సార్ గుర్తింపు లభించినది. బీదలు ఒక నీటిచోటునుండి మరియొక నీటిచోటునకు కదలిరి, పరుగుబాట కదలలేదు.

‘పరరాష్ట్రపు ఏటి గొడవ మనకేల?’ యని కొందరు అడుగవచ్చును. పెదగంజాము నుండి మరక్కాణము వరకు సాగిన బకింగ్‌హాం కాలువ ఈ ఏటిని దాటియే పోవుచున్నది. మన తాతల కాలమున నెల్లూరు సీమనుండి వంటచెరకు ఆ కాలువలో పడవలపై చెన్నపురికి వచ్చెడిది. నేడు నగరములో ఆ కాలువలోనే ఎత్తు రైలుమార్గపు స్తంభములు నిలిచియున్నవి. కాలువ ఇరుకైనది, మొగ ఇంకను మిగిలియున్నది.

కావున మూడు కోరికలతో మన సంఘములు నగరపాలక సంస్థకు అర్జీ పెట్టవలెను. ఏటేట వేసవికి ముందే మొగ ఇసుక తీయించి, ఆ లెక్కను ప్రజలకు తెలుపవలెను. శుద్ధిచేయని మురుగును ఏటిలో విడువరాదు. బురదమేటలపై క్రొత్త కట్టడములకు అనుమతి నీయరాదు. ఈ అర్జీ తమిళములోనే వ్రాయుదము. అది రాని తెలుగు ఇల్లు ఇచ్చట అరుదు. ఇక మన యిండ్లు పడగొట్టినప్పుడు వచ్చు మట్టి, రాళ్ళు ఏటిగట్టున పోయకుండుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అది నేటినుండియే ఆరంభింపవచ్చును.