'పెద్దయ్యాక చెబుదాంలే...' అనుకుంటున్నారా?

కాలేజీకెళ్ళే మీ అబ్బాయి ఇంగ్లీషు రాక్ పాటలు పెడితే "ఏమిట్రా ఆ అరుపులు!" అని విసుక్కుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. అలాంటి ఓ అరుపు వెనకున్న ఇంటి సంగతి చెబుతాను, వినండి.

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1980ల చివర్లో 'గ్రంజ్' అనే రాక్ సంగీతం ఊపందుకుంది. గరగరలాడే గిటార్లు, బాధనంతా బయటపెట్టే గొంతులు... అదీ దాని వరస. ఆ కోవలోని 'పెర్ల్ జామ్' బృందం 1991లో 'టెన్' అనే ఆల్బమ్ తెచ్చింది. అందులోని 'అలైవ్' పాటను రాసి, పాడినవాడు ఎడ్డీ వెడ్డర్.

వెడ్డర్ పసివాడిగా ఉండగానే అమ్మానాన్నలు విడిపోయారు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పిల్లాడు ఆ మారుతండ్రినే కన్నతండ్రి అనుకుంటూ పెరిగాడు. టీనేజిలో గానీ అసలు సంగతి బయటపడలేదు. తెలిసినవాళ్ళలో ఒకరనుకుని ఏ మూడు నాలుగు సార్లో చూసిన మనిషే కన్నతండ్రట! తీరా తెలిసేసరికి ఆయన మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో కన్నుమూశాడు. ఇక ఎవర్ని అడగాలి? ఎవరితో పోట్లాడాలి? ఆ తర్వాత వెడ్డర్ తల్లి పుట్టింటివారి పేరునే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు.

1990లో శాన్ డియాగోలో ఉండగా సియాటిల్ నుంచి మాటల్లేని బాణీల కేసెట్టు ఒకటి అతని చేతికొచ్చింది. ఒక బాణీకి తన కథనే కొంత కల్పన కలిపి రాశాడు. 'అలైవ్' అంటే ప్రాణాలతో ఉండటం. రాసిన రోజున మాత్రం ఆ మాట తనకు శాపంలా ఉండేదని 2006లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. కచేరీల్లో వేలమంది దాన్ని సంబరంగా పాడుతుంటే ఆ శాపం తీరిపోయిందట!

మన ఇళ్ళల్లో మాత్రం ఇలాంటివి లేవా? తోడికోడలి బిడ్డను పెంచుకున్నవాళ్ళున్నారు. రెండో పెళ్ళితో ఒక్కటైన కుటుంబాలున్నాయి. "ఇప్పుడెందుకు, పెద్దయ్యాక చెబుదాంలే" అని వాయిదా వేస్తాం. ఈలోగా ఏ పెళ్ళిపందిట్లోనో ఎవరో నోరు జారతారు. ఆ నిజం కన్నా, ఇంతకాలం అందరూ కలిసి తన దగ్గర దాచారన్నదే బిడ్డను ఎక్కువ కుంగదీస్తుంది.

అందుకే తల్లులూ, చిన్నప్పట్నుంచే వయసుకు తగ్గ మాటల్లో చెబుతూ రండి. అడిగిన ప్రశ్నకు జవాబివ్వండి. పెంచినవారి మీద ప్రేమ తగ్గిపోతుందని బెంగపడకండి. చూడాల్సినవాళ్ళు బతికి ఉండగానే చూడనివ్వండి.

వెడ్డర్ తండ్రి కూడా గాయకుడే. 2022లో వచ్చిన 'ఎర్త్‌లింగ్' ఆల్బమ్ చివరి పాటలో కొడుకు ఆయన పాత గొంతును కలుపుకున్నాడు. తండ్రితో ముఖాముఖి నాలుగు మాటలు మాట్లాడుకునే అదృష్టం మాత్రం అతనికి దక్కలేదు. మీ పిల్లలకు ఆ లోటు రానివ్వకండి!