పాత పాటకు కొత్త 'స్టీరియో': ఘంటసాల గొంతు నిజంగా మెరుగైందా? మీ ఫోన్‌లోనే తేల్చుకోండి

నిజామాబాద్: యూట్యూబ్‌లో ఏదైనా పాత పాట కొట్టి చూడండి. అదే పాట నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. ఒకదాని మీద 'స్టీరియో', ఇంకోదాని మీద '5.1', మరోదాని మీద 'రీమాస్టర్డ్', '8డి'. ఇందులో అసలు రికార్డింగ్ ఏదో మాత్రం చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు. పాట పాటే కదా, ఏది వింటే ఏంటి అనుకుంటున్నారా? తేడా ఉంది. అది చిన్నది కూడా కాదు.

ముందు రెండు తేదీలు చూద్దాం. ఘంటసాల కన్నుమూసింది 1974 ఫిబ్రవరి 11న. స్టీరియోఫోనిక్ సౌండ్‌తో వచ్చిన తొలి తెలుగు 70 ఎంఎం సినిమా, కృష్ణ 'సింహాసనం' విడుదలైంది 1986లో. మధ్యలో 12 ఏళ్లు. అంటే ఘంటసాల సినిమా పాటల్ని ఆ రోజుల్లో థియేటర్లో విన్నవాళ్లు విన్నది మోనోనే. ఇవాళ ఆ పాటల మీద 'స్టీరియో' అని కనిపిస్తే, అది తర్వాత ఇంకెవరో చేసిన పని అన్నమాట.

మోనో అంటే లోపమా?

మోనో అంటే సౌండ్ మొత్తం ఒకే చానెల్. రెండు చెవులకూ అదే వినిపిస్తుంది. స్టీరియోలో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వెళ్తాయి. వీణ ఒక పక్క, తబలా ఇంకో పక్క ఉన్నట్టు అనిపిస్తుంది. బ్రిటిష్ ఇంజినీర్ అలన్ బ్లూమ్లీన్ దీనికి 1931లోనే పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. స్టీరియో రికార్డులు మార్కెట్లో విరివిగా రావడానికి మాత్రం 1958 దాకా ఆగాల్సి వచ్చింది.

మోనో అంటే తక్కువ క్వాలిటీ అనుకోవడం పొరపాటు. అప్పట్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యకారులు ఒకేసారి కూర్చుని పాట రికార్డు చేసేవాళ్లు. ఒకరు తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి. ఎవరు మైకుకు దగ్గరుండాలి, ఎవరు వెనక్కి జరగాలి అన్నది రికార్డిస్టు, సంగీత దర్శకుడు కలిసి తేల్చేవాళ్లు. గొంతు ముందు, వయొలిన్లు వెనక అన్న ఆ లెక్కే ఫైనల్ మిక్స్. దాన్ని మార్చడమంటే వాళ్ల నిర్ణయాన్ని మార్చడమే.

బీటిల్స్‌కు కుదిరింది, మనకు ఎందుకు కుదరదు?

ఈ చర్చ బయటి దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. 1967లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్'నే తీసుకోండి. బ్యాండ్ సభ్యులు దగ్గరుండి చేయించింది మోనో మిక్స్. స్టీరియో మిక్స్‌ను ఆ తర్వాత స్టూడియో వాళ్లు త్వరగా ముగించారు. ఆ ఆల్బమ్‌లోని 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' పాట మోనోలో కాస్త వేగంగా, పై శ్రుతిలో ఉంటుంది. అందుకే 2009 సెప్టెంబర్ 9న వాళ్ల పాటల మోనో మిక్స్‌లను ప్రత్యేకంగా ఒక బాక్స్ సెట్‌గా విడుదల చేశారు. కావాల్సినవాళ్లు స్టీరియో వింటారు, కావాల్సినవాళ్లు మోనో వింటారు. రెండూ అందుబాటులో ఉన్నాయి.

అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. 1963 చివర నుంచి వాళ్లు నాలుగు ట్రాకుల టేపు వాడారు. గొంతులు, వాద్యాలు కొంతవరకు విడివిడిగా ఉన్నాయి కాబట్టి మళ్లీ మిక్స్ చేసుకోవచ్చు. మన 1950ల సినిమా పాటల్లో అన్నీ కలిసిపోయి ఒకే ట్రాకులో ఉన్నాయి. పాలలో కలిపిన చక్కెరను మళ్లీ వేరు చేయమన్నట్టే.

మరి మార్కెట్లో ఉన్న 'స్టీరియో' ఎక్కడి నుంచి వస్తోంది? ప్రధానంగా మూడు దారులు. మొదటిది ట్రిక్కు. బేస్ ఒక పక్కకు, ట్రెబుల్ ఇంకో పక్కకు తోసి, ఒక చానెల్‌ను సెకనులో చిన్న వంతు ఆలస్యం చేస్తారు. రెండోది, పాత గొంతు ఉంచి చుట్టూ వాద్యాలు కొత్తగా వాయించడం. మూడోది ఏఐ. గొంతును, వాద్యాలను కంప్యూటర్ విడదీస్తుంది. బీటిల్స్ 'రివాల్వర్' ఆల్బమ్‌ను 2022లో ఇలాంటి టెక్నాలజీతోనే మళ్లీ మిక్స్ చేశారు.

పక్కన పెద్దమనిషి ఉన్నారా, లేరా?

'మొఘల్-ఎ-ఆజం' 1960 నాటి సినిమా. రంగులద్ది, కొత్త సౌండ్‌తో 2004 నవంబర్‌లో మళ్లీ విడుదల చేశారు. అప్పటికి సంగీత దర్శకుడు నౌషాద్ బతికే ఉన్నారు. ఆయన పర్యవేక్షణలో ఉత్తమ్ సింగ్ ఆ పని చేశారు. మన 'మాయాబజార్' 1957లో వచ్చింది. హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దాన్ని రంగుల్లోకి మార్చి, మోనో సౌండ్‌ను డీటీఎస్ చేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. జనం ఎగబడి చూశారు. కానీ అప్పటికి ఘంటసాల లేరు. ఇది ఇలాగే ఉండాలని చెప్పే మనిషి లేనప్పుడు, పాత రికార్డింగే ఆ మనిషి మాట. దాన్ని దాచి కొత్తదాన్నే అసలు అని చూపిస్తే ఎలా?

బోధన్‌లో ఇది ఎవరికి పట్టింది?

1937లో పుట్టిన నిజాం షుగర్స్ చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఊరు ఇది. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడింది. చెరుకు బండ్ల కాలం చూసిన పెద్దలకు ఇప్పుడు మిగిలింది ఆ జ్ఞాపకాలు, వాటితో పాటు ఆ పాటలు. వాళ్లు విన్న రేడియో మోనో. టాకీస్ మోనో. పెళ్లి ఇంటి మైక్‌సెట్ మోనో. మనవడు ఫోన్‌లో పెట్టిన 'స్టీరియో' విని తాత "ఇది ఆ పాట లెక్క లేదురా" అంటే, అది చాదస్తం కాదు. ఆయన చెవి కరెక్టే.

ఇంకో తమాషా ఉంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉన్నది ఒక్కటే స్పీకర్. హారన్ మైకుల్లోనూ అన్నిటికీ ఒకే సౌండ్ వెళ్తుంది. కాబట్టి ఆ 'స్టీరియో' చివరికి మళ్లీ మోనో అయిపోతుంది. అప్పుడే అసలు చిక్కు. ట్రిక్కుతో చేసిన రెండు చానెళ్లు కలిసినప్పుడు వాటిలోని కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు పలచబడుతుంది, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

మీరే టెస్ట్ చేయండి

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'స్టీరియో' అని రాసి ఉన్న పాత పాట ఒకటి ప్లే చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేయండి. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిట్లోనూ ఈ ఆప్షన్ ఉంటుంది. గొంతు నిండుగానే ఉంటే మిక్స్ జాగ్రత్తగా చేశారని అర్థం. గొంతు సన్నబడితే, వాద్యాలు మాయమైతే అది ట్రిక్కు అని అనుమానించాల్సిందే. తర్వాత 'మోనో ఆడియో' ఆఫ్ చేసి, ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. సగం పాట వినిపించకపోతే, బస్సులో ఇద్దరు చెరో ఇయర్‌ఫోన్ పంచుకుని వినడానికి కూడా అది పనికిరాదు.

కొత్త సౌండ్ చేయొద్దని ఎవరూ అనడం లేదు. 'మాయాబజార్'ను కొత్త తరం థియేటర్‌కు తీసుకొచ్చింది ఆ ప్రయత్నమే. కావాల్సింది చిన్న పనే. పాట కింద అసలు ఏ ఏడాదిది, మోనోనా, తర్వాత ఏం మార్చారు అని రెండు లైన్లు రాయాలి. పక్కనే పాత మోనో కూడా పెట్టాలి. ఇప్పుడు పదేళ్లున్న పిల్లలకు రేపు మొదట దొరికేదే 'ఒరిజినల్' అయిపోతుంది. అది ఎవరి ఒరిజినల్ అన్నది ఈ రోజు పాటలు అప్‌లోడ్ చేసేవాళ్ల చేతిలో ఉంది. ఏది వినాలో ఎంచుకునే మన చేతిలోనూ ఉంది.