ఘాజీ కథలో రాణా గారు లేరండీ

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఆఫీసు గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డులు. వైజాగ్ తీరంలో పాకిస్తాన్ ఘాజీని ముంచిన మన వీర సబ్‌మెరీన్‌కి జోహార్లట. కింద రాణా దగ్గుబాటి బొమ్మ, దానికింద వరసగా జైహింద్‌లు. రోజంతా గూగుల్‌తోనే కాపురం చేసేవాళ్ళం కదా, ఒక్కడైనా వెతికి చూడడే!

సినిమా మీద నాకేం కోపం లేదు. సంకల్ప్ రెడ్డి 2017లో బాగానే తీశాడు, జాతీయ అవార్డూ వచ్చింది. ఇది కల్పితమని సినిమాలోనే వేశాడు. ఆ ముక్క వచ్చేటప్పుడు మనం పాప్‌కార్న్ కొనుక్కుంటున్నాం, అంతే. అందులో ఘాజీని ముంచేది ఎస్-21. అసలు నేవీలో ఆ నంబరున్న సబ్‌మెరీన్ పేరు కరంజ్. 1971 యుద్ధంలో అది ఉన్నది అరేబియా సముద్రంలో. ఆర్కే బీచ్‌లో టిక్కెట్టు కొని మనం ఎక్కి దిగే కురుసుర కూడా అప్పుడు అటువైపే ఉంది.

మరి ఆ రాత్రి వైజాగ్ దగ్గర ఉన్నదెవరు? ఒక ముసలి ఓడ. పేరు రాజపుత్. అది కూడా పుట్టు పేరు కాదు. 1942లో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో, జాన్ బ్రౌన్ యార్డులో పుట్టినప్పుడు దాని పేరు హెచ్ఎంఎస్ రోథర్‌హామ్. బ్రిటిష్ డిస్ట్రాయర్. 1944 ఏప్రిల్ 19న సుమత్రా దగ్గర సబాంగ్‌లో జపాన్ వాళ్ళ స్థావరం మీద విమానాలు దాడికి వెళ్ళినప్పుడు, ఆ విమానవాహక నౌకలకి కాపలా వెళ్ళిన డిస్ట్రాయర్లలో ఇదొకటి. 1945 సెప్టెంబరులో సింగపూర్ నావికా స్థావరాన్ని జపాన్ వాళ్ళు ఒప్పగించింది ఈ ఓడ కెప్టెన్‌కే. ఆ స్థావరం గేటు ఒకదానికి రోథర్‌హామ్ గేట్ అనే పేరు పెట్టారు.

1949లో బ్రిటన్ దాన్ని మనకిచ్చింది. దానితోపాటు వచ్చిన అక్కచెల్లెళ్ళు రెడౌట్, రైడర్. వాటికి మనవాళ్ళు పెట్టిన పేర్లు రంజిత్, రాణా. చూశారా, నేవీలో నిజంగానే ఒక రాణా ఉంది, కానీ ఈ కథలో అది కూడా లేదు :)

ఇక 1971. ఘాజీ వచ్చింది విక్రాంత్ కోసం. కరాచీ నుంచి నవంబరు 14న బయల్దేరింది. అది కూడా సెకండ్ హ్యాండే, 1945లో అమెరికా నేవీలో చేరిన డయాబ్లో. విక్రాంత్‌ని అండమాన్‌లో దాచి, ఈస్టర్న్ నేవల్ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఈ రాజపుత్‌కి విక్రాంత్ వేషం వేయించాడు. సముద్రంలోకి పోయి, పెద్ద ఓడ ఉన్నట్టు వైర్‌లెస్‌లో తెగ వాగడం దాని డ్యూటీ. విక్రాంత్ వైజాగ్‌లోనే ఉందని గూఢచారులు నమ్మాలని సరుకులు కూడా భారీగా ఆర్డరు పెట్టించానని కృష్ణన్ తర్వాత రాసుకున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. ఇరవై తొమ్మిదేళ్ళ పాత ఓడ, ఎదురుగా టార్పెడోలతో సబ్‌మెరీన్, "నేనే విక్రాంత్‌ని, రా" అని పిలవడం దీని పని. సినిమాకి ఇంతకన్నా ఏం కావాలండీ?

నేవీ చెప్పేదేంటంటే, డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రాజపుత్‌ని హార్బరు నుంచి బయటికి తీశాడు. నీళ్ళలో అలజడి కనిపిస్తే రెండు డెప్త్ ఛార్జులు వేశాడు. కాసేపటికి తీరంలో ఇళ్ళకి వినపడేంత పేలుడు. పాకిస్తాన్ మాత్రం తమ మైన్లో, లోపలి ప్రమాదమో అంటుంది. అప్పట్లో మన ఆర్మీ ఈస్టర్న్ కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాకబ్ గారు కూడా అది ప్రమాదమేనన్నాడు. తేల్చుకుందామంటే, ఘాజీ ఫైళ్ళు నేవీయే ధ్వంసం చేసేసిందని 2010లో పేపర్లలో వచ్చింది. ప్రొడక్షన్ సర్వరు కూలిపోయాక లాగులు డిలీట్ చేసేసి, "మా ప్యాచ్ వల్లే బాగుపడింది" అని ఎవరైనా మెయిలు పెడితే ఊరుకుంటామా మనం? కాల్‌లో కూర్చోబెట్టి ఉతికి ఆరేయమూ?

ఈ తగువులో తేలనిది ఒక్కటే, ఆ పేలుడు డెప్త్ ఛార్జుల వల్లా కాదా అని. రాజపుత్ ఎరగా వెళ్ళడంలో తగువేమీ లేదు. ఘాజీలో తొంభై మందికి పైగా చనిపోయారు, ఆ సంగతి కూడా జైహింద్ కొట్టేముందు గుర్తుంటే బావుంటుంది. అనుమానమున్నది వదిలేసి, అనుమానం లేనిది మరిచిపోయి, అసలు లేనేలేని సబ్‌మెరీన్‌కి దండం పెట్టడం ఏం తెలివి?

మాది పాచిపెంట. సముద్రానికీ మాకూ మధ్య కొండలూ, సాలూరూ, విజయనగరమూ ఉన్నాయి. ఇప్పుడు మావైపు నుంచి వైజాగ్ చూడ్డానికి వచ్చే పిల్లలు కురుసుర ఎక్కి, "ఘాజీని ముంచింది ఇదే కదన్నా?" అంటారు. వాళ్ళదేం తప్పు, చెప్పేవాళ్ళేరీ? ఇంకొందరు తెలివైనవాళ్ళు రాజపుత్ అని సరిగ్గానే రాసి, 1980లో సోవియట్ల దగ్గర్నుంచి వచ్చి 2021లో రిటైరైన రెండో రాజపుత్ ఫోటో అంటిస్తారు. మొదటి రాజపుత్‌ని 1976లోనే తుక్కు చేసేశారు మహాప్రభో!

పోయిన ఓడని ఎవరూ తేలేరు. బీచ్ రోడ్డులో 1996 నుంచి విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, కురుసుర ఉంది. ఆ పక్కన తెలుగులో ఒక్క బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది? రోథర్‌హామ్, 1942. రాజపుత్, 1949. డిసెంబరు 3 రాత్రి ఇక్కడి నుంచే బయల్దేరింది అని. దాంతోపాటు ఘాజీ గురించి ఇంకా మిగిలిన కాగితం ఏదైనా ఉంటే నేవీ బయటపెట్టాలి. ఈలోగా వచ్చే డిసెంబరులో మీ గ్రూపులో ఆ రాణా బొమ్మ వస్తే, కింద జైహింద్ కొట్టకుండా ఈ ఓడ పేరు రాయండి.